అమ్మానాన్నలతో స్లోవాక్ ప్యారడైజ్ నిచ్చెనల దారి: ఏప్రిల్ ఆఖర్లో వెళ్ళచ్చా?

వియన్నా_వాసు
అమ్మానాన్న ఏప్రిల్‌లో వస్తున్నారు. పోయినసారి ప్యాలెస్‌లు, చర్చిలు, మ్యూజియంలు అన్నీ తిప్పేశాను. ఈసారి కొండలు చూస్తామంటున్నారు. స్లోవేకియాలో స్లోవాక్ ప్యారడైజ్ నేషనల్ పార్కు ఉంది కదా, అందులో సుఖా బెలా లోయ. వాగులోంచే దారి, జలపాతాల పక్కనుంచి నిచ్చెనలు ఎక్కుతూ పోవాలి. ఆ వీడియో చూసినప్పటినుంచి అమ్మ అక్కడికే వెళ్దామని పట్టుబట్టి కూర్చుంది.

నాన్నకి 63, అమ్మకి 58. నాన్న బీపీ మాత్ర వేసుకుంటారు, ఎడమ మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. అమ్మకి ఏ ఇబ్బందీ లేదు, ఏటా అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతుంది. మా ఆవిడ మాత్రం ససేమిరా వద్దంటోంది. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఏప్రిల్ ఆఖరి వారం అనుకుంటున్నాం.

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
హాయిగా తీసుకెళ్ళు బ్రో. మేం వెళ్ళినప్పుడు ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా ఎక్కుతున్నారు. నిచ్చెనలన్నీ ఇనుముతో గట్టిగా ఉన్నాయి. ఊరికే భయపడొద్దు.

కోషిత్సే_కిరణ్
ఆ పార్కుకి గంటన్నర దూరంలో ఉంటాను, అన్ని కాలాల్లోనూ వెళ్ళాను. వివరంగా రాస్తాను, కాస్త పెద్దదవుతుంది.

దారి పోద్లెసోక్ దగ్గర మొదలవుతుంది. హ్రాబుషిట్సె ఊరి నుంచి రెండు కిలోమీటర్లు. లోయ దాదాపు 4 కిలోమీటర్లు, ఎక్కుడు 400 మీటర్ల చిల్లర. అంకెలు చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ మొదటి అరగంట నడిచేది వాగులోనే. రాళ్ళ మీద కాసేపు, దుంగలు పక్కపక్కన పేర్చి కొట్టిన చెక్కదారి మీద కాసేపు. పొలంలో కాలవ దాటడానికి వేసే తాటి దుంగ గుర్తు చేసుకోండి, అలాంటివి వరసగా, తడిగా, మధ్యలో అరిగిపోయి. మొదటిసారి వచ్చినవాళ్ళు జారేది ఎక్కువగా ఇక్కడే. పెద్ద నిచ్చెన దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

తర్వాత మిసొవె జలపాతాలు. అన్నీ కలిపి దాదాపు 30 మీటర్ల ఎత్తు. నిలువు నిచ్చెనలు ఒకదాని మీద ఒకటి. పక్కనే నీళ్ళు పడుతుంటాయి, ఎండాకాలంలో పల్చగా, ఏప్రిల్‌లో మంచు కరిగిన నీటితో ధారగా. తుంపర చేతి మీద పడి చొక్కా చేతుల్లోంచి మోచేతిదాకా కారుతుంది. పైన ఒకియెన్కోవీ జలపాతం దగ్గర రాతికి కిటికీలాంటి కంత ఉంటుంది, నిచ్చెనెక్కి అందులోంచి దూరి వెళ్ళాలి. అమ్మగారు వీడియోలో చూసింది అదే అయ్యుంటుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ లోయలో దారి పైకే, కిందికి దిగనివ్వరు. ఒకసారి మొదటి పెద్ద నిచ్చెన ఎక్కాక "నావల్ల కాదు, వెనక్కి పోదాం" అనడం కుదరదు. వెనక లైనులో జనం ఉంటారు, నిచ్చెన ఒక్కరికే సరిపోతుంది. అందుకని మీవాళ్ళు ఎంత దూరం నడవగలరన్నది కాదు, సగంలో కంగారు పుడితే ఏం చేస్తారన్నది ఆలోచించుకోండి.

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
నువ్వు చెప్పింది నిజమే కిరణ్ కానీ మేం వెళ్ళినప్పుడు ఎవరికీ కంగారు పుట్టలేదు మరి.

పల్లవి_క్రాకోవ్
బెజవాడ తమ్ముడూ, మీరు వెళ్ళింది ఏ నెలలో?

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
ఆగస్టు.

పల్లవి_క్రాకోవ్
అదే చెప్తున్నా. ఆగస్టుకీ ఏప్రిల్‌కీ పోలికే లేదు. మేం క్రాకోవ్ నుంచి కారులో వెళ్ళాం, ఏప్రిల్ మూడోవారం. కింద పోద్లెసోక్‌లో ఎండ, పచ్చిక మీద పసుపు పూలు, జనం టీషర్టుల్లో తిరుగుతున్నారు. లోయలో ఇరవై నిమిషాలు లోపలికి వెళ్ళామో లేదో ఊపిరి వదిలితే పొగ కనిపిస్తోంది. ఎండ తగలని గోడ కింద మంచుగడ్డ మోకాలెత్తున ఇంకా కరగకుండా ఉంది. నిచ్చెన కింది మెట్ల మీద పారదర్శకంగా ఐసు పేరుకుని ఉంది, కమ్మీ తడిగా ఉందనుకుని కాలు పెడతాం, అది ఐసు. మా ముందున్న చెక్ జంట బూట్లకి ముళ్ళ పట్టీలు తొడుక్కున్నారు. మా దగ్గర అవి లేవు, చేతుల బలంతో లాక్కుంటూ ఎక్కాం.

అందంగా లేదా అంటే, ఇంకెక్కడా అంత బాగా చూడలేదు. ఐసు కింద నీళ్ళు నల్లగా కదులుతుంటే ఎంతసేపైనా చూడచ్చు. కానీ మా అత్తగారిని ఆ రోజు తీసుకెళ్ళేదాన్ని కాదు.

శేషాచలం
మాది తిరుపతి. వాసు గారూ, అలిపిరి మెట్లు 3550, శ్రీవారి మెట్టు 2388. రెండూ ఎక్కగలిగిన మనిషికి గుండె, కాళ్ళు బాగున్నట్టే. అందులో అనుమానం లేదు. కానీ అక్కడ పైన కప్పు, పక్కన గోడ, ఆయాసం వస్తే కూర్చోవడానికి అరుగు. దప్పికైతే నీళ్ళు. ఎక్కడ ఆగినా ఎవరూ ఏమీ అనరు. నిలువు నిచ్చెనలో కావలసింది చేతిపట్టు, కిందికి చూసినా కళ్ళు తిరగకపోవడం. మీ అమ్మగారు డాబా మీదికి వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కుతారా? ఎక్కి వడియాలు పెట్టొచ్చే మనిషైతే నాకు భయం లేదు.

వియన్నా_వాసు
@శేషాచలం ఎక్కుతుంది! ట్యాంకు కడగడానికి మనిషి రాకపోతే తనే ఎక్కేస్తుంది, నాన్న కింద నిచ్చెన పట్టుకుని అరుస్తుంటారు.

శేషాచలం
అయితే అమ్మగారి సంగతి తేలిపోయింది. నాన్నగారి సంగతే చూడాలి.

తడ_ట్రెక్కర్
చెన్నైలో ఉండగా తడ దగ్గర ఉబ్బలమడుగు, నాగలాపురం తెగ తిరిగేవాళ్ళం. అక్కడ నిచ్చెనలూ గొలుసులూ ఏమీ ఉండవు, బండలు పట్టుకుని పాకడమే. ఒక డౌట్. ఈ సుఖా బెలాలో మడుగులో దిగి స్నానం చేయనిస్తారా?

పల్లవి_క్రాకోవ్
మంచు కరిగిన నీళ్ళలోనా 😄 వేలు పెట్టి చూడండి చాలు.

కోషిత్సే_కిరణ్
దారి వదిలి పక్కకి దిగకూడదు, నేషనల్ పార్కు కదా. నాగలాపురంలోలాగా ఈత కొట్టేంత మడుగులు కూడా ఉండవు.

ఫిజియో_అనూష
నేను ఫిజియోథెరపిస్టుని, డ్యూస్సెల్‌డోర్ఫ్‌లో. మోకాలి గురించి రెండు మాటలు. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే మోకాలి మీద ఎక్కువ భారం పడుతుంది. సుఖా బెలా ఎక్కడం వరకే అనుకుంటారు, పైకి చేరాక పోద్లెసోక్‌కి దిగి రావాలి కదా. అది అడవి దారి, వేళ్ళూ రాళ్ళూ. అంకుల్‌కి రెండు చేతికర్రలు తప్పనిసరి. కానీ నిచ్చెన దగ్గర కర్రలు చేతిలో ఉండకూడదు, మడిచి బ్యాగులో పెట్టేవి కొనండి.

బీపీ మాత్రల్లో కొన్ని రకాలకి వంగి లేచినప్పుడు ఒక్కసారి కళ్ళు బైర్లు కమ్ముతాయి. నిచ్చెన మీద అలా అయితే ప్రమాదం. ఆయన ఏ మాత్ర వేసుకుంటున్నారో వాళ్ళ డాక్టరుకి చెప్పి, "నిలువుగా నిచ్చెనలు ఎక్కబోతున్నాను" అని అదే మాటల్లో అడగమనండి. "కొంచెం నడుస్తాం" అంటే ఏ డాక్టరైనా సరేనంటారు.

వియన్నా_వాసు
థాంక్స్ అనూష గారూ, ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఈ వారమే అడిగిస్తాను.

కిరణ్ అన్నా, హోర్నాద్ నది వెంబడి ఇంకో దారి ఉందంటున్నారు. అది తేలికా?

కోషిత్సే_కిరణ్
ప్రియెలొమ్ హోర్నాదు. నీలం గుర్తు దారి. సుఖా బెలా ఆకుపచ్చ. (ఇక్కడ బోర్డుల మీద కిలోమీటర్లు రాయరు, ఎంత సమయం పడుతుందో రాస్తారు. పెద్దవాళ్ళతో వెళ్తే ఆ సమయానికి సగం కలుపుకోండి.)

నిలువు ఎక్కుడు లేదు కాబట్టి తేలిక అంటారు. నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. 1974లో పర్వత రక్షక దళం వాళ్ళు ఈ దారి వేసేదాకా నది గడ్డకట్టిన చలికాలంలో తప్ప ఎవరూ ఇందులో నడవలేకపోయారు. ఎందుకంటే చాలా చోట్ల ఒడ్డే లేదు, గోడ నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. అక్కడ రాతిలోకి ఇనుప మెట్లు దిగేశారు. జల్లెడలాగా కంతలున్న చిన్న పలకలు, ఒక్కో పాదానికి ఒకటి. ఛాతీ ఎత్తులో గొలుసు. గోడవైపు మొహం పెట్టి గొలుసు పట్టుకుని పక్కకి జరుగుతూ పోవాలి. పలక కంతల్లోంచి కింద నది కనిపిస్తుంటుంది. ఏప్రిల్‌లో నది గోధుమరంగులో, చప్పుడుతో ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు మొదట గొలుసుని గుండెకి హత్తుకుని నిలబడిపోతారు. చేతులు కొంచెం చాపి, ఒళ్ళు వెనక్కి వాల్చి, బరువు కాళ్ళ మీద పెడితే అప్పుడు నడక సులువవుతుంది. ఎవరైనా ముందే చెప్పాలి ఈ సంగతి.

దీనిలో మంచి ఏంటంటే మధ్యలో వంతెన దాటి పైన క్లాష్టోరిస్కో అనే పచ్చిక మైదానం మీదికి ఎక్కిపోవచ్చు, మొత్తం నడవాలని లేదు.

పల్లవి_క్రాకోవ్
ఆ గొలుసు ఏప్రిల్‌లో ఎంత చల్లగా ఉంటుందో చెప్పలేదు మీరు. అరచేతికి రబ్బరు పూత ఉన్న తోటపని గ్లౌజులు కొనుక్కోండి. సూపర్‌మార్కెట్లో రెండు మూడు యూరోలు. ఉన్ని గ్లౌజులు వద్దు, తడిస్తే జారతాయి.

నిజామాబాద్_నరేష్
ఒక్క ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు. ఇన్సూరెన్సు.

స్లోవేకియాలో కొండల్లో ఏమన్నా అయితే పర్వత రక్షక దళం వస్తది, మంచిగ చూసుకుంటరు, కానీ బిల్లు మనకే. ఇన్సూరెన్సు లేకపోతే హెలికాప్టర్ ఖర్చు జేబులకెళ్ళి కట్టాల్సిందే. అమ్మానాన్నలకి షెంగెన్ వీసా కోసం 30,000 యూరోల పాలసీ తీసుకునుంటరు కదా, అందులో అంతా వస్తదనుకోవద్దు. ఆస్పత్రి ఖర్చులు, స్వదేశానికి చేర్చే ఖర్చు ఉంటయ్. కొండల్లో వెతికి దించే ఖర్చు ఉందో లేదో పాలసీ కాగితం తీసి చదువుండ్రి. ముందునుంచీ ఉన్న బీపీ గురించి ఏం రాసిండ్రో కూడ చూడుండ్రి. మా మామయ్య ఆల్ప్స్‌లో కాలు మడతపడి దిగలేకపోయిండు. పాలసీలో ఆ ముక్క లేదు. చివరికి బాగనే తేలింది గానీ రెండు నెలలు మెయిళ్ళ మీద మెయిళ్ళు, ఇంట్ల ఒకటే టెన్షన్.

రోజుకింత అని స్లోవేకియాలనే పర్వత రక్షణ ఇన్సూరెన్సు ఆన్‌లైన్‌లో దొరుకుతది. చాలా తక్కువ.

కోషిత్సే_కిరణ్
నరేష్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. రక్షక దళం నంబరు 18 300, ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి. 112 కూడా పనిచేస్తుంది. లోయ లోపల చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందు ఇంట్లో ఎవరికైనా ఏ లోయలోకి వెళ్తున్నారో, ఎన్నింటికి బయటికొస్తారో మెసేజ్ పెట్టండి.

ఇన్స్‌బ్రుక్_ఇందు
ఇంత ఆలోచించడమెందుకు, గార్మిష్ దగ్గర పార్ట్‌నాఖ్‌క్లమ్ తీసుకెళ్ళండి. 700 మీటర్ల లోయ, రాతిని తొలిచి వేసిన దారి, పక్కన కమ్మీ, ఒక్క నిచ్చెన లేదు. 80 మీటర్ల గోడలు. 1912లోనే జనానికి తెరిచారు. మా అమ్మ 70 ఏళ్ళప్పుడు చీరలో నడిచింది.

వియన్నా_వాసు
@ఇందు వియన్నా నుంచి గార్మిష్ దూరం ఎక్కువండీ. పైగా అమ్మకి కావలసింది నిచ్చెనే 🙂

పల్లవి_క్రాకోవ్
చీర మాట వచ్చింది కాబట్టి: నిచ్చెన దారిలో చీర వద్దు, చున్నీ కూడా వద్దు. కుర్తీ పొట్టిది, కింద ట్రాక్ ప్యాంటు. చున్నీ కమ్మీకి చుట్టుకుంటే రెండు చేతులూ వదిలి తీసుకోవాల్సి వస్తుంది.

గోదారి_గట్టు
మా పిన్ని ప్యాంటు వేసుకోనంటే వేసుకోనని భీష్మించుకుంది. చివరికి బాబాయి ట్రాక్ ప్యాంటు మీద తన నైటీ వేసుకుని, నడుము దగ్గర దోపుకుని బయల్దేరింది. నిచ్చెనలన్నీ అందరికంటే ముందు ఎక్కేసింది.

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
కిరణ్, పల్లవి చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట. పెద్దవాళ్ళయ్యారని వాళ్ళ తరఫున మనమే అన్నీ తేల్చేయడం నాకు నచ్చదు. అమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పు, కిందికి దిగే వీలు లేదని చెప్పు, చలి అని చెప్పు. విని కూడా వెళ్తానంటే తీసుకెళ్ళు. నాన్నగారు క్లాష్టోరిస్కో దగ్గర కలుస్తారు.

పల్లవి_క్రాకోవ్
ఈ మాటకి నేనూ ఒప్పుకుంటా తమ్ముడూ. చెప్పకుండా తీసుకెళ్ళడమే తప్పు.

కోషిత్సే_కిరణ్
క్లాష్టోరిస్కోకి పోద్లెసోక్ నుంచి నిచ్చెనల్లేని అడవి దారి ఉంది. ఎక్కుడే, కానీ ఎక్కడ కావాలంటే అక్కడ ఆగచ్చు, వెనక్కి రావచ్చు. పైన పెద్ద పచ్చిక మైదానం, కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసుల పాత మఠం శిథిలాలు. 13వ శతాబ్దంలో తాతార్లు (మంగోలులు) దండెత్తినప్పుడు చుట్టుపక్కల జనం ఈ కొండ మీదే తలదాచుకున్నారు. పక్కనే చిన్న హోటల్ కూడా ఉంది, ఏప్రిల్‌లో తీసి ఉందో లేదో ముందే కనుక్కోండి.

మోకాలు అదీ వద్దంటే చింగోవ్ వైపు నుంచి తొమాషోవ్‌స్కీ వీహ్లాద్ అనే వ్యూపాయింట్. కొండ అంచు, కింద హోర్నాద్ లోయ, ఆకాశం తేటగా ఉంటే ఎదురుగా హై తాత్రా శిఖరాలు మంచుతో. ఈ పార్కులో ఒక్కచోటే చూడాలంటే నేను నాన్నగారిని అక్కడికి తీసుకెళ్తాను. అంచుకి కంచె లేదు, ఫోటోలప్పుడు చూసుకోండి.

కుర్రకారు_22
మధ్యలో వస్తున్నా. మేం నలుగురం ఫ్రెండ్స్, అదే పార్కులో కిసెల్ లోయ చేద్దామనుకుంటున్నాం. ఎవరైనా చేశారా?

కోషిత్సే_కిరణ్
1976లో అడవి తగలబడి ఆ లోయ దశాబ్దాలపాటు మూసేశారు. 2016లో వియా ఫెరాటాగా తెరిచారు. అంటే నిచ్చెన, గొలుసు చాలవు. నడుముకి హార్నెస్, తాడుకి తగిలించుకునే సెట్, హెల్మెట్ ఉండాలి. అద్దెకి దొరుకుతాయి. అది లేకుండా దిగొద్దు. ఇంకేమైనా ఉంటే వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, వాసు గారి ప్రశ్న పక్కకి పోతుంది.

లింజ్_లక్ష్మి
వాసు, వియన్నాలోనే ఉన్నావు కదా, ముందు ష్టైన్‌వాండ్‌క్లమ్‌కి తీసుకెళ్ళు. మీకు గంటా గంటన్నర దూరం, ముగెన్‌డోర్ఫ్ దగ్గర. చిన్న లోయ, అందులోనూ చెక్క వంతెనలూ నిచ్చెనలూ ఉన్నాయి. ఆ దగ్గరలోనే మీరా జలపాతాలు. అమ్మ అక్కడ ఎలా ఎక్కుతుందో, ఎత్తులో ఎలా ఉంటుందో నీకే తెలిసిపోతుంది. ఏదైనా అయితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.

ఫిజియో_అనూష
లక్ష్మి గారి ఐడియా చాలా బాగుంది. మర్నాడు పొద్దున లేచేటప్పుడు అంకుల్ మోకాలు ఎలా ఉందో కూడా చూడండి. అదే రోజు నొప్పి తెలియదు.

వియన్నా_వాసు
అమ్మకి ఈ థ్రెడ్ అంతా ఫోన్లో చదివి వినిపించాను. నాన్న వెనకనుంచి "నాకు ఆ వ్యూపాయింట్ చాలు, దాన్ని నిచ్చెనెక్కించు" అన్నారు. అమ్మ అడిగిందల్లా ఒకటే, పులిహోర తీసుకెళ్ళనిస్తారా అని.

ఇప్పటికి ప్లాన్ ఇదీ: వచ్చిన వారంలో ష్టైన్‌వాండ్‌క్లమ్. అది బాగా జరిగితే, డాక్టరు సరేనంటే, స్లోవాక్ ప్యారడైజ్. నాన్న, మా ఆవిడ తొమాషోవ్‌స్కీ వీహ్లాద్. నేను, అమ్మ సుఖా బెలా, ఐసు లేదని తెలిస్తేనే. ట్రిప్పు మే రెండో వారానికి జరుపుతున్నాను, వాళ్ళ రిటర్న్ టికెట్ కూడా మారుస్తున్నా.

పల్లవి_క్రాకోవ్
మే రెండో వారం చాలా మేలు. మే మొదటి రోజులు ఎలాగూ వద్దు. మా పోలండ్‌లో మే 1, మే 3 రెండూ సెలవులే, మధ్యలో లీవు పెట్టుకుని ఊరంతా అక్కడికే వస్తారు. నిచ్చెన కింద తడి రాయి మీద నిలబడి లైను కదలడం కోసం చూస్తుంటే కాళ్ళు కొయ్యబారిపోతాయి. మేలో కూడా వారం మధ్యలో రోజు చూసుకోండి, పొద్దున ఎనిమిదికల్లా పోద్లెసోక్‌లో ఉండండి.

నిజామాబాద్_నరేష్
పులిహోర తీస్కపో అన్నా, నిచ్చెనలు అయిపోయినంక తినుండ్రి. మిగిలింది అక్కడ పారేయొద్దు, ఆ అడవిల ఎలుగుబంట్లు ఉంటయ్.

శేషాచలం
ముందురోజు వాన పడితే?

కోషిత్సే_కిరణ్
ముందురోజు వాన గట్టిగా పడితే వెళ్ళకండి. లోయ ఇరుకు, నీళ్ళు త్వరగా పెరుగుతాయి, దుంగదారి మునుగుతుంది. ఉరుముల సూచన ఉన్నా అంతే, ఇనుప నిచ్చెన మీద ఉండాల్సిన సమయం కాదది. ముందురోజు సాయంత్రం పార్కు వెబ్‌సైటు చూడండి, మరమ్మతుల కోసం కొన్ని లోయలు మూస్తుంటారు. పొద్దున పోద్లెసోక్‌లో టికెట్టు తీసుకునేచోట పైన ఐసు ఉందా అని అడగండి, నిజం చెప్తారు. కాదంటే స్పిష్ కోట దగ్గరే ఉంది, రోజు వృథా పోదు.

వియన్నా_వాసు
కారు లేకుండా రైల్లో వస్తే స్పిష్‌స్కా నోవా వెస్‌లో దిగాలా, పోప్రాద్‌లోనా?

కోషిత్సే_కిరణ్
సుఖా బెలాకైతే పోప్రాద్‌లో దిగి హ్రాబుషిట్సె బస్సు. చింగోవ్ వైపుకైతే స్పిష్‌స్కా నోవా వెస్. మీరు రెండు జట్లు కాబట్టి కారే నయం. బస్సులు శని, ఆదివారాలు తక్కువ.